ఒడంబడికతో వెలసిన విశ్వవిద్యాలయంలో చేరాలంటే: సరిహద్దు జిల్లాల ప్రభుత్వోద్యోగులకు మార్గదర్శిని

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ, మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల్లోనూ తహసీలు కార్యాలయాల్లో, జిల్లా పరిషత్తుల్లో, రైల్వేలో, తపాలా శాఖలో పనిచేస్తున్న తెలుగువారు, ముఖ్యంగా పదేళ్ల సర్వీసు దాటినవారు, పై చదువుల కోసం వెతికేటప్పుడు ఒక కొత్త రకం విశ్వవిద్యాలయం పేరు ఇప్పుడు తరచుగా వారి కంట పడుతోంది. అది ఏ ఒక్క దేశపు చట్టంతోనో పుట్టినది కాదు. కొన్ని ప్రభుత్వాలు కలిసి ఒడంబడిక చేసుకుని, తమ అధికారులకు శిక్షణ ఇవ్వడానికి నెలకొల్పుకున్నది. అవినీతి నిరోధం, శాంతి స్థాపన, దౌత్యం, అంతర్జాతీయ చట్టం వంటి విషయాల్లో అక్కడ మాస్టర్స్ స్థాయి చదువు ఉంటుంది, ఉద్యోగం చేసుకుంటూనే చదివే వీలు కూడా కొన్నిచోట్ల ఉంటుంది. అలాంటి చోట చేరదలచినవారు ఏ కాగితాన్ని ఏ క్రమంలో చూడాలో, ఎవరి అనుమతిని ఎప్పుడు తీసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. మొత్తం వ్యవహారంలో ఒక్క విషయం మిగిలినవాటన్నిటికీ మూలం: ఒడంబడిక ఆ సంస్థ ఉనికిని మాత్రమే రుజువు చేస్తుంది, ఆ పట్టా మీ ఆఫీసులో చెల్లుతుందని అది ఎక్కడా హామీ ఇవ్వదు. ఈ రెంటినీ వేర్వేరుగా విచారించి, రెండింటికీ లిఖితపూర్వక ఆధారం చేతికి వచ్చాకే ఫీజు కట్టాలి.

ముందుగా సంస్థ పుట్టుకను చూడండి

ఈ కోవలో ప్రభుత్వోద్యోగులకు బాగా దగ్గరగా ఉన్నది ఆస్ట్రియా రాజధాని వియన్నా సమీపాన లాక్సెన్‌బర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ అవినీతి నిరోధక అకాడమీ. దాని స్థాపన ఒప్పందం 2010 సెప్టెంబర్ 2న సంతకాలకు తెరుచుకుంది, 2011 మార్చి 8న అమల్లోకి వచ్చి, ఆ రోజు నుంచి అది స్వతంత్ర అంతర్జాతీయ సంస్థ అయింది. విజిలెన్స్, ఆడిట్, కొనుగోళ్లు, పోలీసు విభాగాల్లో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని అక్కడి పాఠ్యక్రమం రూపొందింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1980 డిసెంబర్ 5న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 35/55 సంఖ్య గల తీర్మానంతో పాటు ఒక అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించగా, కోస్టారికాలో శాంతి విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2008లో ఏర్పడి, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో ప్రధాన కార్యాలయం పెట్టుకున్న యూక్లిడ్ అనే సంస్థ ఎక్కువగా దూరవిద్యలో నడుస్తుంది, సభ్య దేశాల ప్రభుత్వ సిబ్బందికి శిక్షణ ఇవ్వడం దాని లక్ష్యాల్లో ఒకటి.

మన దేశంలోనే ఉన్న ఉదాహరణ దక్షిణాసియా విశ్వవిద్యాలయం. 2007 ఏప్రిల్‌లో న్యూఢిల్లీలో జరిగిన సార్క్ 14వ శిఖరాగ్ర సమావేశంలో దాని ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 2010లో తరగతులు మొదలయ్యాయి. అది ప్రత్యేకించి అధికారుల కోసం పెట్టినది కాకపోయినా, ఒడంబడిక విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో చూడడానికి అంతకంటే మంచి నమూనా లేదు. ఎందుకో తరువాతి భాగంలో తెలుస్తుంది. ఇక స్వీడన్‌లోని మాల్మోలో 1983లో మొదలైన ప్రపంచ సముద్రయాన విశ్వవిద్యాలయాన్ని కూడా చాలామంది ఈ జాబితాలోనే కలిపేస్తారు గానీ, అది విడిగా ఒక ఒడంబడికతో పుట్టలేదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ తన ఛత్రం కింద నడుపుతున్నది. గోపాల్‌పూర్ ఓడరేవు వైపు ఉద్యోగాల్లో ఉన్నవారికి ఈ తేడా విదేశీ ఆతిథ్యం విషయం వచ్చినప్పుడు పనికివస్తుంది.

మీరు చూస్తున్న సంస్థ నిజంగా ఒడంబడికతో పుట్టిందా అని తేల్చుకోవడానికి మొదట చూడవలసినది ఐక్యరాజ్యసమితి ఒప్పందాల సంకలనం. సమితి ఛార్టర్‌లోని 102వ అధికరణం ప్రకారం సభ్య దేశాలు చేసుకున్న ఒప్పందాలను సచివాలయంలో నమోదు చేయాలి. నమోదైన ప్రతి ఒప్పందానికీ ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతికి, పూర్తి పాఠాన్ని దించుకోవచ్చు. సంస్థ తన వెబ్‌సైట్‌లో చూపించే ప్రతిని కాకుండా ఈ ప్రతినే చదవండి. చదివేటప్పుడు మూడు విషయాల మీద దృష్టి నిలపాలి: పట్టాలు ఇచ్చే అధికారం ఏ అధికరణంలో ఉంది, ఆ పట్టాలను సభ్య దేశాలు గుర్తించాలన్న బాధ్యత ఎక్కడైనా రాసి ఉందా, సంతకం పెట్టిన దేశాల్లో ఎన్ని దాన్ని ధ్రువీకరించాయి. సంతకం వేరు, ధ్రువీకరణ వేరు. సంతకం చేసి ఊరుకున్న దేశం ఆ ఒడంబడికకు పూర్తిగా కట్టుబడినట్టు కాదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. సమితి సచివాలయం ఒక ఒప్పందాన్ని నమోదు చేసిందంటే ఆ విశ్వవిద్యాలయ ప్రమాణాలను సమితి పరీక్షించి మెచ్చుకుందని అర్థం కాదు, సచివాలయం ఆ పని అసలు చేయదు. మనం రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు రిజిస్టరు చేయించినంత మాత్రాన ఆ భూమి మీద తగాదా లేదని సర్కారు పూచీ పడనట్టే ఇదీను. కానీ ప్రవేశాల ప్రకటనల్లో, మరీ ముఖ్యంగా మధ్యవర్తులు పంచే కరపత్రాల్లో, ‘ఐక్యరాజ్యసమితిలో నమోదైనది’ అనే మాటను ‘ఐక్యరాజ్యసమితి గుర్తించినది’ అని మార్చేస్తున్నారు. అలా మార్చిన కరపత్రం కనిపిస్తే, విశ్వవిద్యాలయం ఎంత మంచిదైనా ఆ మధ్యవర్తిని వదిలేయడమే నా సలహా.

ఇంటర్నెట్ చిరునామా కూడా కొంత చెబుతుంది. ‘డాట్ ఇంట్’తో ముగిసే చిరునామాలు ప్రభుత్వాల మధ్య ఒడంబడికతో ఏర్పడ్డ సంస్థలకే కేటాయిస్తారు. వియన్నా అకాడమీకి, యూక్లిడ్‌కు, దక్షిణాసియా విశ్వవిద్యాలయానికి అటువంటి చిరునామాలే ఉన్నాయి. అది లేనంత మాత్రాన సంస్థ నకిలీది అనుకోకూడదు, కోస్టారికాలోని శాంతి విశ్వవిద్యాలయం ‘డాట్ ఆర్గ్’నే వాడుతుంది. అలాగే అంతర్జాతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే ప్రపంచ ఉన్నత విద్యా సంస్థల డేటాబేస్‌లో పేరు ఉందో లేదో చూడండి. ఉంటే మంచిదే, అయితే ఆ డేటాబేస్ కూడా గుర్తింపునిచ్చే సంస్థ కాదు.

భారత చట్టంలో ఆ పట్టాకు చోటు ఎక్కడ

ఒడంబడికలను అమలు చేయడానికి చట్టాలు చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. అంటే, విదేశాంగ శాఖ సంతకం పెట్టగానే ఆ ఒప్పందంలోని ప్రతి మాటా మన కార్యాలయాల్లో చట్టమైపోదు. దక్షిణాసియా విశ్వవిద్యాలయాన్ని నమూనా అన్నది ఇందుకే. దాని ఒడంబడికను అమలు చేయడానికి పార్లమెంటు 2008 నాటి పేరుతో ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. అలా చేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం మన దేశంలో పట్టాలు ఇచ్చే హక్కు కేంద్ర లేదా రాష్ట్ర చట్టంతో ఏర్పడ్డ విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకంగా అధికారం పొందిన సంస్థలకు మాత్రమే ఉంది. కాబట్టి ఏదైనా ఒడంబడిక విశ్వవిద్యాలయం తరఫున బరంపురంలోనో నాందేడ్‌లోనో ‘స్థానిక అధ్యయన కేంద్రం’ తెరిచామని, పట్టా ఇక్కడే ఇస్తామని ఎవరైనా చెబితే, ఏ చట్టం కింద ఇస్తారో రాసి ఇవ్వమని అడగండి.

విదేశంలోని ఒడంబడిక సంస్థ ఇచ్చిన పట్టా మన దగ్గర విదేశీ పట్టా కిందే లెక్క. దానికి సమానత ధ్రువీకరణ, అంటే అది మన దేశపు ఫలానా పట్టాతో సమానమని చెప్పే పత్రం కావాలి. చాలా ఏళ్లు ఆ పనిని భారత విశ్వవిద్యాలయాల సంఘం చూసింది, 2025 ఏప్రిల్‌లో విదేశీ అర్హతల గుర్తింపు, సమానతల మీద యూజీసీయే కొత్త నియమావళిని ప్రకటించింది. వైద్యం, న్యాయం, నర్సింగ్, ఫార్మసీ వంటి, తమ సొంత నియంత్రణ మండళ్లున్న చదువులు దీని పరిధిలోకి రావు. కేంద్రాల ద్వారా ఫ్రాంచైజీ పద్ధతిలో పొందిన పట్టాలకు ఇందులో చోటు లేదు. దూరవిద్యలో వచ్చిన విదేశీ పట్టాలకు సమానత ఇవ్వకపోవడం భారత విశ్వవిద్యాలయాల సంఘం పాటిస్తూ వచ్చిన పద్ధతి. అందువల్ల చదువు ఆన్‌లైన్‌లోనా, ముఖాముఖిగానా, రెండూ కలిపి ఉంటే ఎంత పాలు ఎక్కడ అన్న విషయాన్ని చేరకముందే యూజీసీకి రాసి, జవాబు తెప్పించుకోవడం అత్యవసరం. సమానత పట్టింపు లేకుండా, కేవలం జ్ఞానం కోసం, వృత్తి పరిచయాల కోసం చేరేవారికి ఈ బాధ లేదు. అలాంటివారు కూడా ఆ సంగతిని తమకు తాము స్పష్టంగా చెప్పుకుని చేరాలి.

భారతదేశం ఒక ఫలానా ఒప్పందంలో భాగస్వామి అవునా కాదా అన్నది తెలుసుకోవడానికి విదేశాంగ శాఖ నిర్వహించే భారతీయ ఒప్పందాల డేటాబేస్ ఉంది. అందులో తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో విదేశాంగ శాఖకే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. దీని ఫలితం మీ జేబును తాకుతుంది. సభ్య దేశాల అధికారులకు రాయితీలు, కొన్ని సీట్లు కేటాయించే పద్ధతి ఇలాంటి సంస్థల్లో ఉంటుంది, వాటికి మాత్రం ప్రభుత్వం పేరు పంపించాలి, అభ్యర్థి నేరుగా అడిగితే రావు. ఒడిశా ఉద్యోగులు భువనేశ్వర్‌లోని గోపబంధు పరిపాలనా అకాడమీని, మహారాష్ట్ర ఉద్యోగులు పుణెలోని పరిపాలనా శిక్షణ సంస్థ యశదాను మాతృశాఖ ద్వారా సంప్రదించి, అటువంటి నామినేషన్లు ఏవైనా వచ్చాయేమో కనుక్కోవడం మంచిది. జిల్లా స్థాయి ఉద్యోగికి ఆ అవకాశం అందడం అరుదే గాని, అడగకపోతే అసలే అందదు.

మీ ఆఫీసు అనుమతి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల (సీసీఎస్) సెలవు నియమాల్లో అధ్యయన సెలవు మీద వివరమైన భాగం ఉంది. మామూలుగా ఐదేళ్ల సర్వీసు పూర్తి కావాలి, చదువుకూ మీ విధులకూ దగ్గరి సంబంధం ఉండాలి, ఒక విడతలో 12 నెలలు, మొత్తం సర్వీసులో 24 నెలలు సాధారణ పరిమితి. సెలవు ముగిశాక కనీసం మూడేళ్లు ఉద్యోగంలో ఉంటానని బాండు రాయాలి, అందుచేత పదవీ విరమణ దగ్గరపడినవారికి ఇది దొరకదు. రైల్వే ఉద్యోగులకు వారి సొంత సెలవు నియమాలున్నాయి. ఒడిశా ప్రభుత్వోద్యోగులు 1966 నాటి ఒడిశా సెలవు నియమాలను, మహారాష్ట్ర ఉద్యోగులు 1981 నాటి మహారాష్ట్ర సివిల్ సర్వీసుల (సెలవు) నియమాలను చూసుకోవాలి. వీటి ఇంగ్లీషు ప్రతిని ఎస్టాబ్లిష్‌మెంట్ గుమస్తా దగ్గర కూర్చుని చదవండి. ఆయన నోటి మాటగా చెప్పేది చాలాసార్లు పాత సర్క్యులరు జ్ఞాపకమే అయి ఉంటుంది.

సెలవు అక్కర్లేని ఆన్‌లైన్ చదువుకు అనుమతి కూడా అక్కర్లేదనుకునేవారు ఉన్నారు. ఆ ఆలోచన సరికాదు. ఉద్యోగంలో ఉండగా పై చదువుకు ముందస్తు అనుమతి కోరడం రెండు రాష్ట్రాల కార్యాలయాల్లోనూ ఆనవాయితీ, పట్టాను సర్వీసు పుస్తకంలో నమోదు చేయమన్నప్పుడు మొట్టమొదట అడిగేది ఆ అనుమతి ఉత్తర్వు సంఖ్యనే. దరఖాస్తులో సంస్థ పేరు, ఒడంబడిక తేదీ, నమోదు సంఖ్య, కోర్సు కాలం, తరగతుల వేళలు, ఫీజు ఎక్కడినుంచి కడతారు అనే వివరాలన్నీ ఇవ్వండి. పై అధికారికి ఇటువంటి సంస్థ గురించి తెలిసి ఉండకపోవచ్చు. ఒప్పందం మొదటి పుటను, పట్టాల అధికరణం ఉన్న పుటను జతపరిచి, ఆ వాక్యాల కింద గీత గీసి పంపితే దస్త్రం తిరుగు టపాలో ‘స్పష్టత కోరుతూ’ వెనక్కు రావడం తగ్గుతుంది. తరగతులు మొదలయ్యే తేదీకి ఆరు నెలల ముందే ఈ దరఖాస్తు కదలాలి. పర్లాకిమిడి నుంచి భువనేశ్వర్‌కో, సిరోంచ నుంచి గడ్చిరోలి మీదుగా ముంబైకో దస్త్రం వెళ్లి రావడానికి పట్టే కాలం ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

విదేశీ ఆతిథ్యం: చాలామంది చూడని నిబంధన

వియన్నాలో రెండు వారాల తరగతులకు విమాన టికెట్టు, బస, భోజనం సంస్థే భరిస్తుందని లేఖ వస్తే ఎవరికైనా సంతోషమే. కానీ ప్రభుత్వోద్యోగి ఆ లేఖకు ‘అంగీకరిస్తున్నాను’ అని రాయడానికి ముందు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ చదవాలి. ఆ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ అధీనంలోని కార్పొరేషన్లు, ఇతర సంస్థల ఉద్యోగులు విదేశీ పర్యటనలో విదేశీ ఆతిథ్యం స్వీకరించాలంటే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. ప్రయాణ ఖర్చులు, ఉచిత బస, భోజనం, రవాణా, వైద్యం అన్నీ ఆతిథ్యం అనే నిర్వచనంలోకి వస్తాయి. విదేశంలో ఉండగా అకస్మాత్తుగా జబ్బు చేసి వైద్య సాయం పొందితే ముందస్తు అనుమతి అవసరం లేదు, నెలలోగా తెలియజేస్తే సరిపోతుంది.

ఇక అసలు మెలిక ఇక్కడుంది. చట్టం ‘విదేశీ మూలం’ అన్నప్పుడు అంతర్జాతీయ సంస్థలను కూడా అందులో చేర్చింది. ఐక్యరాజ్యసమితికి, దాని ప్రత్యేక సంస్థలకు, ప్రపంచ బ్యాంకుకు, అంతర్జాతీయ ద్రవ్యనిధికి, కేంద్రం ప్రకటించిన మరికొన్ని సంస్థలకు మాత్రమే మినహాయింపు ఉంది. ఒడంబడిక విశ్వవిద్యాలయం ఎంత గౌరవనీయమైనదైనా, అది ఆ మినహాయింపు జాబితాలో లేకపోతే చట్టం దృష్టిలో విదేశీ మూలమే. శాంతి విశ్వవిద్యాలయం సర్వసభ్య సభ చొరవతో పుట్టినా అది సమితి ప్రత్యేక సంస్థ కాదు. మాల్మోలోని విశ్వవిద్యాలయం వెనుక ఉన్న అంతర్జాతీయ సముద్రయాన సంస్థ మాత్రం ప్రత్యేక సంస్థే. పేరులో సమితి వాసన ఉన్నంత మాత్రాన మినహాయింపు వర్తిస్తుందని ఊహించుకోకుండా, హోం శాఖ ప్రకటించిన జాబితాను తెరిచి చూడండి.

అనుమతికి హోం శాఖ ఎఫ్‌సీఆర్‌ఏ పోర్టల్‌లో ఎఫ్‌సీ-2 అనే ఫారం నింపాలి. ఆహ్వాన పత్రం, మీ శాఖ ఇచ్చిన పరిపాలనా అనుమతి దానికి జతచేయాలి. ప్రయాణానికి రెండు వారాల ముందుగా అది చేరాలన్నది నియమం, అయితే మీ శాఖ అనుమతి చేతికి రానిదే ఫారం పూర్తి కాదు కాబట్టి అసలు గడువు అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. స్కాలర్‌షిప్, స్టైపెండ్ రూపంలో వచ్చే సొమ్మును చట్టంలోని 4వ సెక్షన్ నిషేధం నుంచి తప్పించింది. అందుకని సంస్థ నుంచి వచ్చే లేఖలో ఏది స్కాలర్‌షిప్, ఏది ప్రయాణ, బస ఖర్చు అన్నది విడివిడిగా రాయించుకోండి. మొత్తాన్ని ఒకే అంకెగా ‘పూర్తి సహాయం’ అని రాసిన లేఖ దస్త్రాన్ని ఆపేస్తుంది. మీ ఖర్చులు మీరే పెట్టుకుని వెళ్తే ఈ సెక్షన్ గొడవ లేదు, విదేశీ ప్రయాణానికి ఆఫీసు అనుమతి మాత్రం యథాప్రకారం కావాలి.

పేర్లు, పత్రాలు

మన సరిహద్దు తెలుగువారికి మిగతావారి కంటే ఎక్కువగా అడ్డుపడేది పేరు. మన అలవాటు ఇంటిపేరు మొదటి అక్షరం ముందు పెట్టి, అసలు పేరు తరువాత రాయడం. మహారాష్ట్ర బడుల్లో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు వరుసగా రాస్తారు, పెళ్లయిన స్త్రీలకు తండ్రి పేరు పోయి భర్త పేరు వచ్చి చేరుతుంది. ఒడిశాలో ఇంటిపేరును చివరకు మార్చి రాసే గుమస్తాలు ఉన్నారు, మన ఇంటిపేరును ఒడియా ఉచ్చారణకు అనుగుణంగా ఇంగ్లీషులోకి దించిన సర్టిఫికెట్లకు కొదువ లేదు. పైగా పదో తరగతి ఇచ్ఛాపురంలోనో పార్వతీపురంలోనో, డిగ్రీ బరంపురం విశ్వవిద్యాలయంలో చదివినవారు, లేదా ఇంటర్మీడియెట్ మంచిర్యాలలో, డిగ్రీ గడ్చిరోలిలోని గోండ్వానా విశ్వవిద్యాలయంలో చదివినవారు చాలామంది ఉంటారు. ఒకే మనిషికి రెండు రాష్ట్రాల కాగితాలు, మూడు రకాల పేర్లు.

విదేశీ సంస్థ ప్రవేశ విభాగం పాస్‌పోర్టులోని పేరునే ప్రమాణంగా తీసుకుంటుంది. కాబట్టి ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరును పూర్తిగా విడమరచి, పదో తరగతి పత్రంలోని అక్షరక్రమానికి వీలైనంత దగ్గరగా ఉండేలా చూసుకోండి. ప్రభుత్వోద్యోగి పాస్‌పోర్టుకు తన కార్యాలయానికి ముందస్తు సమాచారం ఇచ్చిన లేఖతోగానీ, నిరభ్యంతర పత్రంతోగానీ దరఖాస్తు చేయవచ్చు. రాయగడ, కొరాపుట్ వైపు వారు భువనేశ్వర్‌కే వెళ్లనక్కరలేదు, విశాఖపట్నంలోనూ ప్రాంతీయ కార్యాలయం ఉంది. చిన్న తేడాలకు, అంటే ఇంటిపేరు పొడి అక్షరాలుగా ఉండడం, ఒక అచ్చు మారడం వంటి వాటికి, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ సాధారణంగా సరిపోతుంది. పేరు పూర్తిగా మారినప్పుడు మాత్రం ఆయా రాష్ట్ర గెజిట్‌లో ప్రకటన వేయించడం శ్రేయస్కరం, అది సర్వీసు పుస్తకంలోనూ ఎక్కాలి.

అపోస్టిల్, అంటే మన పత్రం విదేశంలో చెల్లడానికి దాని మీద వేయించుకునే ధ్రువీకరణ ముద్ర విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. భారతదేశంలో ఈ పద్ధతి 2005 జులై నుంచి అమల్లో ఉంది, ముద్ర వేసేది విదేశాంగ శాఖ. అయితే అంతకుముందు జరగవలసిన రాష్ట్ర స్థాయి ధ్రువీకరణను పత్రం ఏ రాష్ట్రంలో పుట్టిందో ఆ రాష్ట్రమే చేయాలి. మీరు నివసించే జిల్లాతో దానికి సంబంధం లేదు. నాందేడ్‌లో ఉద్యోగం చేస్తున్నా బోధన్‌లో చదివిన పత్రం తెలంగాణ నుంచే ధ్రువీకరణ పొందాలి. ఇది రెండు చోట్ల తిరగవలసిన పని కాబట్టి, విశ్వవిద్యాలయం అసలు అపోస్టిల్ అడుగుతోందా, స్కాన్ ప్రతులతో సరిపెట్టుకుంటోందా అన్నది ఉత్తరం రాసి తెలుసుకున్నాకే మొదలుపెట్టండి. ఒడియాలోనో మరాఠీలోనో ఉన్న జన్మ ధ్రువీకరణ పత్రాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. డిగ్రీ ఇంగ్లీషు మాధ్యమంలో చదివి ఉంటే కళాశాల నుంచి ఆ మేరకు పత్రం తీసుకోండి, కొన్ని సంస్థలు దానితోనే ఇంగ్లీషు పరీక్షను మినహాయిస్తాయి.

ఫీజు, తరగతి వేళలు

విదేశానికి ఫీజు పంపేది రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తికి పరిమితి రెండున్నర లక్షల డాలర్లు, మన చదువుల ఫీజులు దాని దరిదాపుల్లోకి రావు. పాన్ కార్డు, సంస్థ ఇచ్చిన ఇన్‌వాయిస్, విదేశానికి సొమ్ము పంపడానికి బ్యాంకులో నింపే ఏ-2 ఫారం కావాలి. ఊళ్లోని ప్రతి బ్యాంకు శాఖా ఈ పని చేయదు, విదేశీ మారకం వ్యవహారాలు చూసే శాఖ ఏదో మేనేజరును అడగండి. సొమ్ము సంస్థ సొంత పేరున ఉన్న ఖాతాకే పోవాలి. వ్యక్తి పేరున గానీ, మధ్యవర్తి కంపెనీ పేరున గానీ ఉన్న ఖాతాకు పంపమంటే అక్కడే ఆగండి.

ఆన్‌లైన్ తరగతుల వేళలను దరఖాస్తుకు ముందే లెక్క వేసుకోవాలి. వియన్నా కంటే మన గడియారం చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడి సాయంత్రం ఐదు గంటల తరగతి చలికాలంలో మనకు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది, ఆఫీసు ముగించుకుని వచ్చినవారికి ఇది భరించదగినదే. కోస్టారికా మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడి ఉదయం తరగతి మనకు రాత్రి భోజనం వేళకు వస్తుంది, మధ్యాహ్నం తరువాతి తరగతైతే అర్ధరాత్రి దాటాకే. గుణుపురం, సిరోంచ వంటి చోట్ల ఉన్నవారు ప్రత్యక్ష తరగతుల రికార్డింగులు తరువాత చూసే వీలుందా, హాజరుకు అవి లెక్కలోకి వస్తాయా అని ముందే రాతపూర్వకంగా అడగాలి.

చదువు పూర్తయ్యాక

పట్టా, మార్కుల పట్టిక, పాఠ్యప్రణాళిక, ప్రత్యక్ష తరగతులకు హాజరైన ధ్రువీకరణ, పాస్‌పోర్టులో ప్రవేశ, నిష్క్రమణ ముద్రలున్న పుటలు అన్నీ ఒకేచోట భద్రపరచి, సమానత కోసం యూజీసీ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పాఠ్యప్రణాళికను చదువుతుండగానే దించి పెట్టుకోవడం మంచిది, సంస్థలు ఏటేటా దాన్ని మారుస్తుంటాయి. ఆ తరువాత అనుమతి ఉత్తర్వును జతపరిచి, పట్టాను సర్వీసు పుస్తకంలో నమోదు చేయమని కార్యాలయానికి రాయాలి.

పదోన్నతి సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, తలాఠీ, గ్రామసేవక్ వంటి కేడర్లలో పదోన్నతి ఆ కేడరు నియమాల్లో రాసిన సీనియారిటీ, శాఖాపరమైన పరీక్షల మీద నడుస్తుంది, విదేశీ మాస్టర్స్‌కు అక్కడ విడిగా మార్కులు ఉండవు. డిప్యుటేషన్ మీద విజిలెన్స్‌లోకో, ఆడిట్‌లోకో, శిక్షణ సంస్థల్లో అధ్యాపక స్థానానికో వెళ్లదలచినప్పుడు ఆ చదువు అక్కరకు వస్తుంది. అటువంటి పోస్టుల ప్రకటనల్లో ‘గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం’ అన్న షరతు ఉంటుంది కనుక, దరఖాస్తుతో పాటు సమానత పత్రాన్ని, ఒడంబడిక నమోదు పుటను కలిపి పంపాలి.

సెలవు మీద వెళ్లినవారు తిరిగి విధుల్లో చేరిన రోజునే చేరిక నివేదికతో పాటు చదువు పూర్తయినట్టు ధ్రువపత్రాన్ని ఇచ్చి, రసీదు తీసుకోవాలి. బాండు కాలం లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది, ఆ రసీదు పోతే అది ఎప్పుడు ముగిసిందో తేల్చడానికి మళ్లీ దస్త్రం నడపాల్సి వస్తుంది.